తలుపు తెరిచి నేర్పే విద్య

ఇంటికి కొత్తగా వచ్చిన కుక్కపిల్ల నెల తిరిగేదాకా హాల్లో ఒక్కసారీ ఒంటికి పోలేదంటే, చూడ్డానికి అక్కడ ఏమీ ఉండదు. మరక లేదు, వాసన లేదు, కేకలు లేవు. నా లెక్కలో కుక్కల శిక్షణలో ఇంతకు మించిన పనితనం లేదు. పోలీసు జాగిలం మంటల చట్రంలోంచి దూకితే చప్పట్లు కొడతాం, కొట్టాల్సిందే. కానీ రెండు నెలల కూనకి చెయ్యెత్తకుండా, గొంతు పెంచకుండా పడుకునే చోటేదో, పని కానిచ్చుకునే చోటేదో తెలియజెప్పినవాళ్ళకి మనం ఇంకా చప్పట్లు బాకీ ఉన్నాం.

ఈ విద్యకి ఇవాళ్టి రూపం ఇచ్చినవాళ్ళలో నేను మొదట దండం పెట్టేది ఇయాన్ డన్‌బార్‌కి. బ్రిటన్‌లో పశువైద్యం చదివి, అమెరికాలోని బర్కిలీలో కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేసిన మనిషి. తన మాలమ్యూట్ జాతి కూనని ఏదైనా క్లాసులో చేర్పిద్దామని వెళితే, ఆరు నెలలు నిండాక తీసుకురమ్మన్నారట. అప్పటి పద్ధతి అదే: దురలవాట్లన్నీ ముదిరాక, మెడకి గొలుసు బిగించి వాటిని మాన్పించడం. డన్‌బార్ 1982లో సిరియస్ పేరుతో కూనల కోసమే బడి తెరిచారు. గొలుసు లేదు, గుంజుడు లేదు, చేతిలో తాయిలం. ఇవాళ హైదరాబాద్‌లో ఎవరైనా పప్పీ క్లాసు అని బోర్డు పెట్టుకున్నారంటే, తెలిసినా తెలియకపోయినా ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నారు.

ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఒకటే: తప్పు చేశాక దిద్దడం కాదు, అసలు తప్పు జరిగే వీలే ఇవ్వకూడదు. గొప్ప పనితనమంతా ఇక్కడే ఉంది. కూనని ఇల్లంతా వదిలేస్తే ఎక్కడో ఒకచోట పోస్తుంది. రెండోసారి ఆ వాసన వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది. నాలుగోసారికి అదే దాని మరుగుదొడ్డి. అందుకే మనం కళ్ళెదుట ఉండి చూడలేనప్పుడు అది కాసేపు క్రేట్‌లో, అంటే తలుపున్న తన పడక పెట్టెలో, ఉండాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి మెడపట్టీకి తాడు తగిలించి, గబగబా దాని చోటుకి తీసుకెళ్ళి, కదలకుండా నిలబడాలి. మూడు నిమిషాలు చాలు. పని కానిస్తే అక్కడికక్కడే, ఆ క్షణంలోనే, మెచ్చుకోలు, మూడు తాయిలాలు, ఆ తర్వాత ఇంట్లో స్వేచ్ఛగా ఆట. కానివ్వకపోతే మళ్ళీ క్రేట్‌లోకి, కాసేపాగి మళ్ళీ బయటికి. కోపం అక్కర్లేదు.

దీనిలో ఎంత సూక్ష్మం ఉందో చూడండి. మనలో చాలామంది కుక్క పని కానివ్వగానే ఇంటికి తిప్పేస్తారు. తొందరగా కానిస్తే షికారు అయిపోతుందని కుక్కకి అర్థమవుతుంది, ఆపుకోవడం మొదలుపెడుతుంది. డన్‌బార్ దీన్ని తిరగేశారు. ముందు పని, తర్వాతే షికారు. ఇంత చిన్న మార్పుతో చలికాలం తెల్లవారుజామున వీధిలో అరగంట నిలబడే బాధ తప్పింది. ఇలాంటిది కనిపెట్టినవాణ్ణి మేధావి అనకుండా ఎలా ఉండగలం?

నిజానికి ఈ విద్యకి పునాది వేసేది తల్లికుక్క. పుట్టిన మొదటి రెండుమూడు వారాలు కూన తనంతట తాను విసర్జించలేదు. తల్లి నాకితేనే అవుతుంది, ఆ మురికినీ తల్లే శుభ్రం చేస్తుంది. కళ్ళు తెరిచి కాళ్ళు నిలదొక్కుకున్నాక పిల్లలు పడకకి దూరంగా జరిగి కానిచ్చుకోవడం మొదలుపెడతాయి. ఎనిమిది తొమ్మిది వారాలకి కాలికింద ఏ నేల తగిలితే అక్కడ పోవాలన్న ఇష్టం కూడా స్థిరపడుతుంది. మట్టికి అలవాటుపడ్డది మట్టినే వెతుకుతుంది, బండలకి అలవాటుపడ్డది బండల్నే. క్రేట్ పద్ధతి ఆనుకుని నిలబడింది ఈ సహజగుణం మీదే: పడుకున్న చోటుని పాడుచేసుకోకూడదని కూనకి తల్లి దగ్గరే ఒంటబడుతుంది.

కనుక క్రేట్ మరీ పెద్దదైతే లాభం లేదు. కూన లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత ఉండాలి. పెద్ద జాతి కూనకైతే మధ్యలో అడ్డుపలక ఉన్న క్రేట్ కొని, పెరిగేకొద్దీ పలక జరుపుకోవచ్చు. మన ఎండలకి ప్లాస్టిక్ పెట్టె వద్దు, గాలాడే తీగల క్రేట్ ఫ్యాను కింద పెట్టండి.

తలుపు మూయడంలోనే అసలు నైపుణ్యం బయటపడుతుంది. సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఒక రిటైర్డ్ సైనిక శిక్షకుణ్ణి ఎరుగుదును, మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలో పని నేర్చినవాడు. కొత్త కూన వస్తే మొదటిరోజు ఆయన క్రేట్ తలుపు ముట్టుకోడు. లోపల పాత దుప్పటి పరిచి, వాకిట్లో ఒక తాయిలం, కాస్త లోపల ఇంకొకటి, చివర మూల గిన్నెలో అన్నం పెట్టి, తనకేం పట్టనట్టు పక్కన పేపరు చదువుకుంటాడు. కూన తనంతట తాను వెళ్ళి తిని వస్తుంది. మళ్ళీ వెళుతుంది. అది తింటున్నప్పుడు తలుపు చేరవేసి, గిన్నె ఖాళీ కాకముందే తీసేస్తాడు. తర్వాత ఒక నిమిషం, ఆపైన ఐదు. కూన గీపెట్టేదాకా ఎప్పుడూ రానివ్వడు. అది విసుగుపడేలోపే తలుపు తెరుచుకుంటుంది. ఆ చేతి సమయజ్ఞానం మృదంగ విద్వాంసుడి తాళజ్ఞానానికి ఏమాత్రం తీసిపోదు. ఆడుకుంటున్న కూన హఠాత్తుగా ఆట మాని, ముక్కు నేలకి ఆనించి సగం చుట్టు తిరిగిందంటే చాలు, మిగతా చుట్టు పూర్తయ్యేలోపు ఆయన చేతుల్లో ఉంటుంది. నిద్ర లేవగానే, తిన్న పదీ ఇరవై నిమిషాలకి, ఆట మధ్యలో: ఈ మూడు వేళలూ ఆయనకి గడియారం చూడకుండానే తెలుసు.

క్రేట్‌లో ఉన్న కాసేపూ కూన నోటికి పని ఉండాలి. అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన తన జర్మన్ షెపర్డ్ రాళ్ళు కొరుకుతుంటే చూడలేక, వోక్స్‌వ్యాగన్ వ్యానులోని రబ్బరు భాగాన్ని చూసి ‘కాంగ్’ బొమ్మ తయారుచేశాడంటారు. దాని బోలులో పెరుగన్నమో ఉడికించిన చికెన్ తునకలో కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే కూన దానితోనే కుస్తీ పట్టి నిద్రపోతుంది.

రాత్రి క్రేట్ మన మంచం పక్కనే ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠంలో జర్మన్ షెపర్డ్‌లని పెంచిన సన్యాసులు 1978లో అచ్చువేసిన పుస్తకంలో కుక్క మనిషి పడకగదిలోనే పడుకోవాలని గట్టిగా చెప్పారు. ఆ పుస్తకంలో కుక్కని వెల్లకిలా పడేసి లొంగదీసే పద్ధతి కూడా ఉండేది, తర్వాత వాళ్ళే దాన్ని తీసేశారు. అందుకు వాళ్ళ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

మన అపార్టుమెంట్లలో చిక్కొకటుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా కూనని వీధిలో దించకూడదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఐదో అంతస్తుకి లిఫ్టు వచ్చేలోపు కూన ఆగదు కూడా. దీనికీ డన్‌బార్ పద్ధతిలోనే జవాబుంది: బాల్కనీలో వెడల్పాటి ట్రేలో నిజమైన గడ్డి మట్టిపెళ్ళతో సహా పరవండి. రేపు వీధిలోకి వెళ్ళినా దాని పాదం గడ్డినే కోరుకుంటుంది. పాత న్యూస్‌పేపర్లకి అలవాటుచేస్తే తర్వాత మీరు చదివే పేపరుకీ గ్యారంటీ లేదు. పొరపాటున నేల మీద పోస్తే ఫినాయిల్‌తో తుడిచి అయిపోయిందనుకోకండి. ఆ ఘాటు మన ముక్కుకే, కింద మిగిలిన వాసన కూనకి తెలుస్తూనే ఉంటుంది. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ ద్రావణమే దానికి మందు.

ఇంత సున్నితమైన విద్యని మనం ఏం చేస్తున్నామో తలుచుకుంటే కడుపు మండుతుంది. పొద్దున తొమ్మిదికి కూనని బోనులోకి నెట్టి తాళం వేసి, రాత్రి ఏడుకి ఆఫీసునుంచి వచ్చి, ‘క్రేట్ ట్రైనింగ్ చేస్తున్నాం’ అంటున్నారు. మూడు నెలల కూన ఆపుకోగలిగేది మహా అయితే మూడు నాలుగు గంటలు. అది ఏడ్చి ఏడ్చి, గత్యంతరం లేక తన పడక మీదే పోసుకుని, అందులోనే పడుకుంటుంది. తల్లి ఇచ్చిన శుభ్రత ఆ రోజుతో చెడుతుంది. ఆ తర్వాత ఏ గురువొచ్చినా తిరిగి నిలబెట్టడం గగనం. మూతిని మూత్రంలో రుద్దేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల కూన నేర్చుకునేది ఒక్కటే, మనిషి కంటపడకుండా సోఫా వెనక్కి వెళ్ళి కానిచ్చుకోవడం. నెలరోజుల హాస్టల్ అని చెప్పి వేలకు వేలు గుంజి, షాక్ కాలర్ తగిలించి వణికిపోయే కుక్కని తిరిగి అప్పగించేవాళ్ళు వేరే. వాళ్ళు శిక్షకులు కారు.

అసలు పాపం ఇంకా వెనక ఉంది. కూనల్ని తల్లినుంచి నెలకే లాగి, ఇనప గంపల్లో వాటి మురికిలోనే పడేసి అమ్ముతున్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అడిగేవాడేడీ? స్వీడన్, ఫిన్లాండ్‌లలో కుక్కని ఇంట్లో క్రేట్‌లో బంధించి ఉంచడాన్నే చట్టం ఒప్పుకోదు, ప్రయాణం వంటివాటికే మినహాయింపు. తాళం వేసిన బోను మీద వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. నేను మాత్రం డన్‌బార్ పక్షమే. తలుపు తెరిచి నేర్పిన క్రేట్‌లోకి కుక్క పెద్దయ్యాక కూడా పటాసుల చప్పుడికి తనంతట తనే పరిగెత్తుకెళ్ళి దాక్కుంటుంది. దీపావళి రాత్రి దానికి అంతకన్నా భద్రమైన చోటు లేదు.

పండక్కి పిల్లలు మారాం చేస్తున్నారని కూనని తెద్దామనుకునేవాళ్ళకి నా విన్నపం. తల్లిని చూపించమనండి, కూనలు పడుకునే చోటు శుభ్రంగా ఉందో లేదో మీ కళ్ళతో చూడండి, ఎనిమిది వారాలు నిండనిదాన్ని ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. మొదటి కొన్ని వారాలైనా పగలంతా ఇంట్లో మనిషి ఉండే ఏర్పాటు చేసుకోండి. అది కుదరకపోతే, కుదిరేదాకా కూనని తేకండి.