పాట నడకను పట్టుకునే కెమెరా

పాటను దృశ్యంగా మలిచే మ్యూజిక్ వీడియో నిడివిలో నాలుగైదు నిమిషాలకు మించకపోయినా, కథనం, ఛాయాగ్రహణం, ధ్వనిముద్రణ, కూర్పు అనే విద్యలన్నింటినీ ఒక్కచోట పరీక్షకు నిలబెడుతుంది కాబట్టి, జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్, చలనచిత్ర కోర్సుల్లో విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వడానికి ఎంతో అనువైన ప్రక్రియ. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల విద్యార్థులు ఈ పనికి పూనుకున్నప్పుడు సాధారణంగా వారి కళ్లముందు ఉండేవి సినిమా పాటలూ, యూట్యూబులో వెల్లువెత్తుతున్న ఫోక్ సాంగ్సూ. వాటికంటే మేలైన గురువు వారి ఊళ్ల పరిసరాల్లోనే ఉంది. పాలమూరు కథాగానంలో, డప్పు దరువులో, పటం కథలో ఏ దృశ్యాన్ని ఎప్పుడు చూపాలో, ఎంతసేపు నిలపాలో, ఎక్కడ చూపు మరల్చాలో నేర్పే పద్ధతి ఏనాడో స్థిరపడింది. వీడియో ప్రణాళికను ఆ పద్ధతి నుంచి మొదలుపెట్టడమే ఈ నేల విద్యార్థులకు తగిన దారి.

పాశ్చాత్య దేశాల్లో మ్యూజిక్ వీడియో రికార్డుల అమ్మకానికి ప్రచార చిత్రంగా పెరిగి, 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎం.టి.వి. ప్రసారాలు మొదలయ్యాక ప్రత్యేక ప్రక్రియగా నిలదొక్కుకుంది. తెలుగువారికి పాటను తెరమీద చూడడం 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ నుంచే అలవాటు. అయితే నేపథ్యగానం స్థిరపడ్డాక పాడే గొంతు ఒకరిది, కదిలే పెదవులు మరొకరివి కావడంతో, పాడేవారి శరీరం తెరమీద నుంచి తప్పుకుంది. ఊపిరి బిగబట్టడం, మెడ నరం పొంగడం, చెయ్యి గాలిలో ఆగడం కూడా పాటలో భాగమే అయిన జానపద గానానికి ఇది పెద్ద లోటు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు నిర్మించిన ‘మా భూమి’లో బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీద తానే కనబడి పాడినప్పుడు ఆ లోటు కొంత తీరింది. 2023లో వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ‘బలగం’ పతాక సన్నివేశంలో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుండగా, కెమెరా వారి మీద ఎంత శ్రద్ధగా నిలిచిందో, వింటున్న కుటుంబం ముఖాల మీద కూడా అంతే శ్రద్ధగా నిలిచింది. వినేవారి స్పందనను చూపే ఇటువంటి షాట్‌ను రియాక్షన్ షాట్ అంటారు. కథాగానంలో శ్రోత లేనిదే పాట పూర్తి కాదు కనుక, విద్యార్థులు తమ షాట్ల జాబితాలో పాడేవారి పక్కనే వినేవారికీ చోటు కేటాయించుకోవాలి.

ఈ ప్రాంతపు గానంలో కెమెరాకు అత్యంత కఠినమైన పాఠం చెప్పేది కిన్నెర. ఎండబెట్టిన సొరకాయ బుర్రలు, వాటిపై వెదురు దండి, దండి మీద వరుసగా అమర్చిన మెట్లు, కొసన పక్షి బొమ్మ, నెమలి ఈకల అలంకారం ఉండే ఈ తంత్రీవాద్యాన్ని, మాదిగలకు వారి కులపురాణమైన జాంబపురాణం వినిపించే డక్కలి కళాకారులు తరతరాలుగా కాపాడుతూ వచ్చారు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో, పెత్తందారులను ఎదిరించిన వీరుడిగా పాలమూరు ప్రజలు తలచుకునే పండుగ సాయన్న కథను పాడి పేరుపొందారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అంతకు ముందు ఏడాది విడుదలైన ‘భీమ్లా నాయక్’ శీర్షిక గీతం ఆయన గొంతుతోనే మొదలై, కిన్నెర అనే వాద్యం ఒకటుందని అసంఖ్యాకులకు తెలియజేసింది. అది చిన్న మేలు కాదు. అయినా అక్కడ కిన్నెర పాటకు వాకిలి మాత్రమే, వాకిలి దాటగానే పాట వేరే వాద్యాల చేతుల్లోకి వెళ్లిపోతుంది. వ్యాపార చిత్రానికి వీలుకానిదీ, మార్కుల కోసం మాత్రమే లెక్కచెప్పవలసిన విద్యార్థి చిత్రానికి వీలయ్యేదీ ఒకటుంది: కథలోని ఒక ఘట్టాన్ని తెంపకుండా, మొదటి నుంచి చివరి దాకా వినిపించడం.

అలా వినిపించాలంటే ఫ్రేము విషయంలో నిగ్రహం కావాలి. కిన్నెర కళాకారుడి ఒక చెయ్యి మెట్ల మీద నడుస్తుంటే మరో చెయ్యి తీగను మీటుతుంది, ఆ రెంటి మధ్య గొంతు కథ చెబుతుంది. ఈ మూడింటినీ వేర్వేరు క్లోజప్పులుగా ముక్కలు చేస్తే వేలికీ మాటకీ ఉన్న బంధం ప్రేక్షకుడికి అందదు. నడుము నుంచి తల వరకూ వాద్యంతో సహా కనబడే మధ్యస్థ దూరపు షాట్‌ను ఒక పాదం ముగిసేవరకూ కదపకుండా ఉంచి, పాదానికీ పాదానికీ మధ్య వాద్యం ఒంటరిగా మోగే చోట మాత్రమే వేళ్ల దగ్గరికి వెళ్లడం మంచి పద్ధతి. వాద్యం నాదం గొంతుకంటే మృదువుగా ఉంటుంది కాబట్టి బుర్ర దగ్గర ఒక మైకు, గొంతుకు మరో మైకు పెట్టి వేర్వేరు ట్రాకులుగా ముద్రించుకోవాలి. ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా కనీసం అర నిమిషం విడిగా రికార్డు చేసుకుంటే కూర్పులో అతుకులు వినబడవు.

డక్కలివారి సంప్రదాయంలోనే ఉన్న పటం ఇంతకంటే ఆశ్చర్యకరమైన వనరు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డమీద కథాఘట్టాలను అడ్డవరుసలుగా గీసి ఇచ్చే పొడవైన చుట్టను కథకుడు కొంచెం కొంచెంగా విప్పుతూ, పుల్లతో ఒక్కొక్క బొమ్మనూ తాకుతూ పాడతాడు. షూటింగుకు ముందు ప్రతి షాట్‌నూ వరుసగా బొమ్మలు గీసుకునే స్టోరీబోర్డుకు ఇంతకంటే దగ్గరి పోలిక మరొకటి దొరకదు. అయితే పటంలో బొమ్మ వంతు పాట చేతిలో ఉంటుంది, పాట చెప్పడం అయ్యేదాకా పుల్ల ఆ బొమ్మను వదలదు. విద్యార్థులు కూడా ముందు షాట్లు ఊహించి వాటికి పాటను తొడిగే బదులు, పాటను పదే పదే విని, కాగితంపై కాలం, ధ్వని, దృశ్యం అని మూడు నిలువు గడులు గీసి, మొదటి రెండూ పూర్తిగా నిండాకే మూడో గడి ముట్టుకోవాలి. ముఖ్య గాయకుడి పాదాన్ని పక్కవారు తిరిగి అందుకునే వంత వచ్చిన ప్రతిసారీ కొత్త దృశ్యం వెయ్యాలన్న ఆత్రం చాలామందిలో కనిపిస్తుంది. వంత ఉన్నది గాయకుడికి ఊపిరి ఇవ్వడానికీ, చెప్పిన మాట శ్రోతలో ఇంకడానికీ కాబట్టి, అక్కడ దృశ్యం కూడా నిలకడగా ఉండడమే న్యాయం.

డప్పు ప్రధానమైన పాటకు లెక్క వేరు. ఒక చేత సిర్ర, మరో చేత చిటికెన పుల్ల పట్టి వాయించే దరువు నిమిషానికి 100 దెబ్బల వేగంతో నడిస్తే, దెబ్బకూ దెబ్బకూ మధ్య 0.6 సెకను, అంటే సెకనుకు 25 ఫ్రేముల చొప్పున సరిగ్గా 15 ఫ్రేములు ఉంటాయి. కూర్పులో షాట్ మార్చే చోటును ఈ 15 ఫ్రేముల గుణిజాల మీద గుర్తించుకుంటే దృశ్యం దరువుతో కలిసి నడుస్తుంది. కానీ ప్రతి దెబ్బకూ షాట్ మారిస్తే కన్ను అలిసిపోయి చెవి మూసుకుంటుంది. మరో సంగతి అనుభవజ్ఞులైన డప్పు కళాకారులందరికీ తెలిసినదే: మంటపై కాచిన తోలు బిగిసి గట్టిగా పలికి, చల్లబడేకొద్దీ సడలి శ్రుతి దిగజారుతుంది. ఉదయం తీసిన షాట్ ధ్వనికీ మధ్యాహ్నం తీసిన షాట్ ధ్వనికీ అందుకే పొత్తు కుదరదు. పాట మొత్తాన్ని ఒకే విడతలో ముద్రించుకుని, తక్కిన షాట్లకు ఆ ట్రాకునే స్పీకరులో వినిపిస్తూ చిత్రీకరించే ప్లేబ్యాక్ పద్ధతి ఇక్కడ తప్పనిసరి అవుతుంది. సెకనుకు 50 ఫ్రేములతో తీసి 25 ఫ్రేములతో చూపే స్లో మోషన్‌లో పెదవులు కలవాలంటే ట్రాకును రెట్టింపు వేగంతో వినిపించి పాడించాలి. ఈ కిటుకు సినిమా నటులకు సరిపోతుంది గానీ, ఒంటి బరువంతా పాటలో పెట్టే జానపద గాయకుణ్ని అలా తొందరపెట్టడం తగదు కనుక, స్లో మోషన్‌ను పాట లేని షాట్లకే పరిమితం చేయాలి.

ఇక స్థలం. పచ్చని పొలాల మీదుగా డ్రోన్ ఎగరడం, లంగా ఓణీలో నాయిక గట్టుమీద నడవడం నేటి వీడియో పాటల్లో మూసగా మారింది. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల పథకాల నీళ్లు చేరాక ఈ జిల్లాల్లో వరి పచ్చదనం అబద్ధమేమీ కాదు. కానీ గుంపు మేస్త్రీ వెంట దూరదేశాల కాలువలు తవ్వడానికి వెళ్లిన పాలమూరు లేబర్ గురించిన పాటకు ఆ పచ్చదనం వేస్తే కాలం తప్పుతుంది. పాట ఏ కాలానిదో నిర్ణయించుకున్నాకే నేలను ఎంచుకోవాలి: రాతి గుట్టలు, చలక నేలలు, వనపర్తి వేరుశనగ చేలు, గద్వాల పత్తి విత్తన క్షేత్రాలు, కొల్లాపూర్ మామిడి తోటలు, సోమశిల వద్ద కృష్ణ, వీటిలో ప్రతిదానికీ తనదైన పనీ, ఋతువూ, వెలుగూ ఉన్నాయి. గద్వాల మగ్గాన్ని చిత్రించేవారు నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటును చూపకుండా చీర తళుకునే చూపితే నేతగాడి నేర్పు బయటే మిగిలిపోతుంది. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టి, ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గోరటి వెంకన్న వంటి కవుల పాటల్లో చెట్టూ పిట్టా వృత్తీ పేరుపేరునా వస్తాయి. పాట పేరు చెప్పిన వస్తువునే ఆ క్షణాన తెరమీద పెట్టడం చెప్పినదాన్నే మళ్లీ చెప్పడం అవుతుంది. ఆ వస్తువుతో బతికిన మనిషిని చూపితే పాటకు దృశ్యం తోడవుతుంది.

అనుమతులను ముందుగానే తెచ్చుకోవాలి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు పురావస్తు శాఖ, అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి అటవీ శాఖ అనుమతి అవసరం, డ్రోన్‌కు 2021 నాటి నిబంధనలు వర్తిస్తాయి.

అన్నిటికంటే బరువైన అనుమతి పాడే మనిషిది. జానపద గీతానికి రచయిత ఫలానా అని తెలియనంత మాత్రాన అది ఎవరైనా ఎత్తుకుపోవచ్చన్న భావన విస్తృతంగా ఉంది. కానీ 1957 నాటి కాపీరైట్ చట్టం కళాకారుడి ప్రదర్శనపై కళాకారుడికే హక్కు ఇస్తుంది, ఆ హక్కు 50 ఏళ్లు నిలుస్తుంది. తరగతి గదిలో చూపడం వేరు, యూట్యూబులో పెట్టడం వేరు, ఆ వీడియో మీద డబ్బు రావడం వేరు. ఈ మూడింటికీ విడివిడిగా, తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. పాడిన రోజుకు కూలి చెల్లించాలి. ఊరిపేరు, కళారూపం పేరు, వాద్యం పేరు, వంత పాడినవారి పేర్లు వీడియో మొదట్లోనే, చదవడానికి తగినంతసేపు నిలవాలి. మార్కులు వేసే అధ్యాపకులు కెమెరా పనితనంతో పాటు ఈ ఒప్పంద పత్రాన్నీ మూల్యాంకనంలో చేర్చి, కోత పడని పూర్తి ధ్వనిముద్రణ ప్రతి ఒకటి కళాశాల గ్రంథాలయానికీ, మరొకటి గాయకుడి ఇంటికీ చేరిందని చూసుకున్నాకే ప్రాజెక్టు పూర్తయినట్టు నమోదు చేయాలి.