కాపరి నుండి నాయకుని వరకు: మన నాయకత్వ చింతనపై ఒక పరిశీలన

హైదర్‌గూడలో శాసనసభ్యుల నివాసాల చుట్టుపక్కల ఫ్లెక్సీలపై ఎక్కువగా కనబడే మాట ‘నాయకుడు’. తెలుగు బైబిలులోనూ ఆ మాట లేకపోలేదు. అయితే సంఘ బాధ్యతలను గూర్చి చెప్పేటప్పుడు అక్కడ మనకు ఎక్కువగా వినిపించేవి కాపరి, పెద్ద, అధ్యక్షుడు, పరిచారకుడు అనే మాటలు. ఇటీవలి సదస్సులలో వీటన్నిటినీ ‘నాయకుడు’ మింగివేస్తున్నాడు.

నాయకత్వ చింతన మారిన తీరును మన పాఠ్యాంశాలు ఒక మెట్ల వరుసగా చూపుతాయి. చరిత్రను మహాపురుషులే నడుపుతారని థామస్ కార్లైల్ 1840లో ఉపన్యసించాడు. 1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ నాయకునికీ అనుచరులకూ గల పరస్పర సంబంధాన్ని ముందుకు తెచ్చాడు. అంతకుముందే, 1970లో, రాబర్ట్ గ్రీన్‌లీఫ్ ‘సేవక నాయకత్వం’ అనే మాటను ప్రచారంలోనికి తెచ్చాడు. ఆయన వేదాంత పండితుడు కాడు, ఒక టెలిఫోన్ సంస్థలో దీర్ఘకాలం పనిచేసినవాడు! క్రీస్తు శిష్యులకు నేర్పిన పాఠాన్ని మనము వ్యాపార నిర్వహణ గ్రంథాల మీదుగా తిరిగి తెచ్చుకున్నామన్నమాట.

మెట్లు ఎక్కామని మేము అంగీకరించలేము. బిషప్ అజరయ్యను గూర్చి మనము చెప్పే తీరే ఇందుకు సాక్ష్యం. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన తెలుగు నేర్చి దోర్నకల్‌లో పరిచర్య చేశాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, మిషనరీలు తమకు స్నేహితులు కావాలని నిర్మొహమాటంగా అడిగాడు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ఇంతవరకు చెప్పి ఆగితే అది కార్లైల్ కథే. మాల, మాదిగ పల్లెలలో రాత్రివేళ పాఠం చెప్పి, ప్రార్థన నడిపి, తగవులు తీర్చినవారు గ్రామ ఉపదేశకులు. దోర్నకల్‌లో వారితోపాటు వారి భార్యలకూ శిక్షణ ఇచ్చారు. ఆ స్త్రీల పని లేకుండా ఆ సంఘాలు నిలిచేవా? అయినా దక్షిణ ఇండియా సంఘములో ఒక స్త్రీ, పుష్పలలిత, నంద్యాలలో బిషప్ కావడానికి 2013 వరకు ఆగవలసివచ్చింది.

‘సేవకుడు’ అనే బిరుదు ధరించినంత మాత్రాన కానుకల లెక్క ఎవరు అడగవచ్చునో, కాపరి బదిలీని ఎవరు నిర్ణయిస్తారో మారదు. సేవక నాయకత్వంపై వ్రాసే మన వ్యాసాలు ఈ ప్రశ్నల దగ్గర మౌనం వహిస్తున్నాయి. మా వ్యాసాలకు కూడా ఈ విమర్శ వర్తిస్తుంది.

పాత బాప్తిస్మపు రిజిస్టర్లలో, మిషను నివేదికలలో ఉపదేశకుల పేర్లు కొన్నైనా దొరుకుతాయి. వారి భార్యల పేర్లను వెదకడం మరింత కష్టం. పరిశోధక విద్యార్థులు అక్కడినుండి మొదలుపెట్టాలని కోరుతున్నాము.