గతం, కథనం, భవిష్యత్తు: దాశరథి రంగాచార్య రచనలపై ఒక పరిశీలన

గతం భవిష్యత్తును నిర్ణయిస్తుందన్న సూత్రాన్ని తెలంగాణ చారిత్రక నవలలకు అన్వయించడం విమర్శలో పరిపాటి. అయితే ఆ నిర్ణయం ఏ మార్గాన జరుగుతుంది, గతాన్ని ఎవరు ఏ కాలంలో నిలబడి చెబుతున్నారు అన్న ప్రశ్నలకు తగినంత చోటు దక్కలేదు. దాశరథి రంగాచార్య (1928–2015) నవలలను, ఆయన ఆత్మకథ ‘జీవనయానం’తో కలిపి ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, ‘గంగు’ నవలలతో ఆరంభించిన తెలంగాణ జీవన చిత్రణను రంగాచార్య కొనసాగించారు. ‘చిల్లర దేవుళ్ళు’ నిజాం పాలనలోని గడీ వ్యవస్థను చిత్రిస్తుంది. ఇందులో గతం స్మృతిగా కంటే ముందు ఆచారంగా కనిపిస్తుంది. ఆడబాప వనజ భవిష్యత్తు ఆమె పుట్టుకకు ముందే ఖాయమైంది. ఆమె బతుకును శాసించే గతం ఆమె అనుభవించినది కాదు. గడీ కోసం ఇతరులు నిలిపి ఉంచినది. బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన సంగీతజ్ఞుడు పాణికి ఆ ఊరితో పూర్వబంధం లేదు. కనుకనే ఊరివారికి సహజమైనది అతనికి ప్రశ్నార్థకమవుతుంది. అతని పాత్ర ద్వారా నవల పాఠకుడికి ఒక ఎడం కల్పించింది.

రచనాకాలాన్ని కూడా గమనించాలి. ఈ నవల వెలువడేనాటికి నిజాం పాలన ముగిసి రెండు దశాబ్దాలైంది. 1948లో ఏం జరిగిందో రచయితకు, పాఠకుడికి తెలుసు, పాత్రలకు తెలియదు. ఈ తెలివిడిలోని తేడాను విస్మరిస్తే నవల, ముందే తెలిసిన విజయానికి పీఠికగా కుదించుకుపోతుంది. పోరాటకాలపు ‘మోదుగు పూలు’, పోలీసు చర్య అనంతర కాలపు ‘జనపదం’ నవలలను వరుసలో చదివితే ఈ ప్రమాదం తప్పుతుంది. పాలన మారినంతమాత్రాన భూమిపై పెత్తనం మాయం కాలేదు. భవిష్యత్తు వచ్చాక కూడా గతం తన ఆకారం మార్చుకొని నిలుస్తుందన్నది ఈ నవలాక్రమం చెప్పే అసలు విషయం.

నిజాం వ్యతిరేక పోరాటంలో స్వయంగా పాల్గొన్న రంగాచార్య ఆత్మకథను నవలలకు ఆధారగ్రంథంగా చదవడం సులభం. కానీ ‘జీవనయానం’ ఆ నవలల తరువాత దశాబ్దాలకు వచ్చింది. అనుభవం ముందు, నవల తరువాత అన్నది జీవితక్రమం; నవల ముందు, ఆత్మకథ తరువాత అన్నది రచనాక్రమం. తన బాల్యాన్ని తలచుకుంటున్న వ్యక్తి, ఆ ప్రపంచాన్ని అప్పటికే పాత్రలుగా మలచిన నవలాకారుడు కూడా. కనుక నవలకు ఆత్మకథను సాక్ష్యంగా నిలపడంతోపాటు, ఆత్మకథపై నవలల ముద్రను పరిశీలించడం పరిశోధకుల బాధ్యత.

ఈ ప్రశ్న గడిచిన కాలానికే పరిమితం కాదు. ఈ వ్యాసకర్త నివసిస్తున్న తెల్లాపూర్‌లో బహమనీల కాలపు శాసనం ఒకటి ఉంది. 15వ శతాబ్ది తొలి పాదానికి చెందిన ఆ శాసనంలో ‘తెలంగాణ’ శబ్దంతో కూడిన ఊరిపేరు కనిపిస్తుంది. ఆ పదం ప్రాచీనతకు సాక్ష్యంగా చరిత్రకారులు దానిని పేర్కొంటారు. ఆరు శతాబ్దాల నాటి పేరుకు ఈ గౌరవం దక్కగా, నిన్నమొన్నటి పేర్లు బహుళ అంతస్తుల భవనాల నడుమ చెదిరిపోతున్నాయి. పాతకాపు చెలక అన్నచోటును కొత్తగా వచ్చినవారు వెంచర్ అంటారు. ఇద్దరూ ఒకే నేలను చూపుతున్నా, ఒకరి మాటలో పంట, మరొకరి మాటలో నెలవారీ వాయిదా ధ్వనిస్తాయి. ఈ రెండు మాటలనూ ఒకే కథనంలో పలికించగల నవలకు ఇక్కడ అవసరముంది.

రంగాచార్య నవలల నుంచి ఆ రచనకు అందే పాఠం స్పష్టమే. గతాన్ని వైభవంగానో గాయంగానో మాత్రమే చూపితే చాలదు. అది ఏ ఆచారంలో, ఏ కాగితంలో, ఏ మాటలో నేటికీ పనిచేస్తున్నదో చూపాలి. తెల్లాపూర్‌లో పొలం అమ్ముకున్నవారి జ్ఞాపకం, ఫ్లాటు కొన్నవారి ఆశ రెండూ ఇంకా సజీవంగా ఉన్నాయి. ఫలితం తెలియకముందే వాటిని నమోదు చేసే అవకాశం ఈ తరం రచయితలకు, పరిశోధకులకు ఉంది.