పాత రేడియోల మ్యూజియములు: వస్తువూ చరిత్రా

సాహిత్య విమర్శలో "వస్తువు" అన్న మాటను మనం ఒక అర్థంలో వాడుతున్నాం. రచయిత దేనిని గురించి చెప్పాడో అది వస్తువు, ఎలా చెప్పాడో అది రూపం. మ్యూజియంలో ఈ మాటకు అర్థం వేరు. అద్దాల బీరువాలో పెట్టి, కింద చీటీ అంటించినది వస్తువు. ఈ రెండర్థాల మధ్య ఎంత దూరం వున్నదో తెలియాలంటే పాత రేడియోలూ టెలివిజన్ సెట్లూ పోగుచేసి ప్రదర్శించే మ్యూజియములను చూడాలి. రెండో అర్థంలో వస్తువుకు అక్కడ కొదవ లేదు. మొదటి అర్థంలో వస్తువు కోసం మాత్రం గది గదీ వెదకవలసి వస్తుంది.

మ్యూజియంతో సాహిత్య విమర్శకుడికేం పని అని కొందరు అడగవచ్చు. మ్యూజియం కూడా ఒక రచనే. దేనిని ముందు పెట్టాలి, దేనిని వెనక్కు నెట్టాలి, దేనిని చెప్పకుండా దాటవేయాలి అని నిర్ణయించే చేయి దాని వెనుక వున్నది. కథను చదివినట్లే దాన్నీ చదవవచ్చు. పైగా రేడియో మాట మీద బ్రతికిన సాధనం. కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, దాశరథి, రజనీకాంతరావు గార్ల సాహిత్య జీవితాలను ఆకాశవాణి నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. అటువంటి సాధనాన్ని నునుపు చేసిన కొయ్యపెట్టెగా మాత్రమే చూపితే సాహిత్య విద్యార్థి ఊరుకోనక్కరలేదు.

ఈ సంగతిని పరిశీలించడానికి జర్మనీ తగిన చోటు. అక్కడ రేడియో ప్రసారాలు 1923 అక్టోబరులో బెర్లిన్‌లో మొదలయ్యాయి. పదేళ్లు తిరగకముందే ఆ దేశం హిట్లరు చేతిలో పడింది. జర్మన్ రేడియో సేకరణలలో దాదాపు తప్పనిసరిగా కనిపించే పెట్టె ఒకటి వున్నది. ముదురు రంగు బేకలైటు పెట్టె. పైభాగాన గుడ్డ కప్పిన గుండ్రని స్పీకరు. కింద చిన్న డయలు. దీని పేరు "ఫోక్సెంప్‌ఫేంగర్", అంటే ప్రజల రేడియో. 1933 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో దీన్ని బయటపెట్టారు. ధర 76 మార్కులు. 1938లో ఇంకా చిన్నదాన్ని 35 మార్కులకు తెచ్చారు. మొదటి పెట్టెకు వి.ఇ. 301 అని నంబరు పెట్టారు. జనవరి 30, అనగా 1933లో హిట్లరు గద్దె ఎక్కిన రోజు, ఆ అంకెలో దాగివున్నది. సామాన్యుడు కొనగల ధర, చూడముచ్చటైన రూపం, అధికారం చేజిక్కిన తేదీ, ఈ మూడూ ఒక్క పెట్టెలో ఇమిడివున్నాయి. ఆ రూపం గీసిన వాల్టర్ మరియా కెర్‌స్టింగ్ పేరు డిజైను చరిత్రలలోకి కూడా ఎక్కింది. నాజీల పోస్టరు ఒకటి జర్మనీ యావత్తూ ఈ పెట్టె ద్వారా నాయకుణ్ణి వింటున్నదని చాటింది. ప్రజల రేడియో అన్న పేరులో ప్రజలు వినేవాళ్లు మాత్రమే, మాట్లాడేవాళ్లు కారు.

జర్మన్ మ్యూజియములు ఈ సంగతిని దాచిపెడుతున్నాయని నేను అనడం లేదు. ఇది నాజీ ప్రచార సాధనమని చీటీలో రాయడం అక్కడ మామూలే. నా పేచీ దాచిపెట్టడంతో కాదు, అంతటితో ఆగిపోవడంతో. "ప్రచార సాధనం" అని తీర్పు చెప్పి ముందుకు నడిస్తే, ఆ పెట్టె ముందు కూర్చున్న కోట్లాది మనుషులు మట్టిముద్దలుగా మిగిలిపోతారు. గోబెల్సు పోశాడు, వాళ్లు తాగారు అన్నట్లుంటుంది. చరిత్ర అంత తేలికగా నడవలేదు. ఈ పెట్టెలో లండన్ వినిపించదని ఒక నమ్మకం ప్రచారంలో వున్నది. అది నిజం కాదు. షార్ట్‌వేవ్ లేని మాట నిజమే గాని, మంచి ఏరియల్ కట్టుకుంటే రాత్రిపూట మీడియంవేవ్ మీద దూరపు స్టేషన్లు అందేవి. అందలేదంటే 1939 సెప్టెంబరు 1 నాటి శాసనం అవసరమే వుండేది కాదు. యుద్ధం మొదలైన ఆ రోజునే పరదేశపు స్టేషన్లు వినడాన్ని నేరం చేశారు. విన్నవాడికి జైలు, విన్నది పదిమందికీ చెప్పి వ్యాపింపజేస్తే, తీవ్రమైన కేసుల్లో మరణశిక్ష. ఈ హెచ్చరికను చిన్న అట్టముక్క మీద అచ్చువేసి డయలు మీటకు తగిలించేవారు. పెట్టె కంటె ఆ అట్టముక్క విలువైన చారిత్రక పత్రమని నా అభిప్రాయం. దుప్పటి కప్పుకొని, చెవి పెట్టెకు ఆనించి, పక్క వాటావాడికి వినపడకుండా లండన్ వార్తలు విన్న మనిషి జాడ ఆ అట్టముక్కలోనే వున్నది.

ఇంకా వెనక్కు పోవాలి. 1924లోనే జర్మనీలో కార్మికుల రేడియో క్లబ్బు ఏర్పడింది. సెట్టు కొనే స్తోమతు లేని కార్మికులు తీగ చుట్టి, ముక్కలు పోగుచేసి, సొంతంగా సెట్లు కట్టుకోవడం నేర్చుకున్నారు. ప్రసారాలలో తమ గొంతుకు చోటు కావాలని అడిగారు. తర్వాత సోషల్ డెమొక్రాట్లకూ కమ్యూనిస్టులకూ మధ్య వచ్చిన చీలిక ఇందులోకీ పాకి, 1929లో కమ్యూనిస్టులు వేరే సంఘం పెట్టుకున్నారు. ఆ చీలికకు మూల్యం ఎంతో 1933లో అందరికీ తెలిసివచ్చింది. బెర్టోల్ట్ బ్రెహ్ట్ రేడియోను గురించి 1932లో చేసిన ప్రసంగాన్ని ఈ నేపథ్యంలో పెట్టి చదవాలి. పంచిపెట్టడం మాత్రమే చేస్తున్న ఈ సాధనం ఇచ్చిపుచ్చుకొనే సాధనం కావాలని, శ్రోతను విననివ్వడమే గాక మాట్లాడనివ్వాలని ఆయన అన్నాడు. దీన్ని కవి కల్పనగా కొట్టివేసేవారున్నారు. సొంతంగా సెట్టు కట్టుకొని, ప్రసారంలో వాటా అడిగే కార్మికులు అప్పుడు ఎదుటనే వున్నారు. ఆ బ్రెహ్టే ప్రవాసంలో తన చిన్న రేడియోను సంబోధించి చిన్న కవిత రాశాడు. దానికి హాన్స్ ఐస్లర్ సంగీతం కూర్చాడు. శత్రువు గొంతు పలికే పెట్టెనే వాల్వులు పగలకుండా దేశం నుంచి దేశానికి మోసుకుపోయే మనిషి అందులో వున్నాడు. సాంకేతిక వివరాల చీటీ చెప్పలేని సంగతి ఇది.

యుద్ధం తర్వాతి కథకు ఫ్యుర్త్ పట్టణం చక్కని నిదర్శనం. బవేరియాలోని ఈ పట్టణంలో రేడియో మ్యూజియం ఒకటున్నది. అది వున్న భవనం ఒకప్పుడు గ్రుండిగ్ కంపెనీ ప్రధాన కార్యాలయం. 1946లో ఆ కంపెనీ యజమాని మాక్స్ గ్రుండిగ్ ఒక ఉపాయం పన్నాడు. ఆక్రమణ సైన్యాల అనుమతి లేనిదే రేడియోలు తయారు చేయకూడని రోజులవి. ఆయన వాల్వులు లేకుండా విడిభాగాలను ఒక పెట్టెలో సర్ది, "హైన్‌త్సెల్‌మాన్" అనే పేరుతో ఆటవస్తువు కింద అమ్మాడు. కొన్నవాడు వాల్వులు ఎక్కడో సంపాదించి తగిలించుకుంటే రేడియో పలికేది. దీన్ని ఒక వ్యాపారి తెలివితేటల కథగా చెప్పడం పరిపాటి. తెలివితేటలు కాదనను. కాని శిథిలాల మధ్య బతుకుతూ వాల్వు కోసం దొంగ బజారులో తిరిగి, ఇంట్లో బల్ల మీద సెట్టు బిగించుకున్నవాడికి ఈ కథలో వాటా ఏది? 1924 నాటి కార్మికుడు కోరి కట్టుకున్నాడు. 1946 నాటివాడు గతిలేక కట్టుకున్నాడు. రెండు చోట్లా చేయి శ్రోతదే. ఆ కంపెనీ తర్వాత పెద్దదై, వేలాదిమందికి పని ఇచ్చి, 2003లో దివాలా తీసింది. దేశదేశాల రేడియో ఫ్యాక్టరీలలో లాగే తీగలు అతికిన చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవి. జ్ఞాపకశాల వెలసింది మాత్రం డైరెక్టర్ల భవనంలో. భవనం దొరికింది గనుక అక్కడ పెట్టారు, ఇందులో కుట్ర ఏమీ లేదు. అయినా ఏ భవనాలు నిలుస్తాయి, ఏవి కూలిపోతాయి అన్నది కూడా ఆర్థిక శాస్త్రమే.

టెలివిజన్ విషయంలో ఈ వివక్ష ఇంకా స్పష్టం. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ మ్యూజియం సేకరణలో ఒక బొమ్మ తల వున్నది. పేరు స్టూకీ బిల్. జాన్ లోగీ బెయిర్డ్ లండన్ సోహోలోని అద్దె గదిలో తొలి టెలివిజన్ ప్రయోగాలు చేసినప్పుడు దీపాల ముందు దీన్నే పెట్టేవాడు. ఆ దీపాల వేడికి మనిషి తాళలేడు. బొమ్మకే జుట్టు కమిలింది, రంగు పగిలింది. 1925 అక్టోబరు 2న బొమ్మ ముఖం తెర మీద స్పష్టంగా పడగానే బెయిర్డ్ కింది అంతస్తుకు పరుగెత్తి, అక్కడి ఆఫీసు కుర్రవాణ్ణి, విలియం టేంటన్ అనేవాణ్ణి, పైకి తీసుకొచ్చి దీపాల ముందు కూర్చోబెట్టాడు. వేడికి తట్టుకోలేక కుర్రవాడు పక్కకు తప్పుకున్నాడు. బెయిర్డ్ అతని చేతిలో అరక్రౌను పెట్టి మళ్లీ కూర్చోబెట్టాడు. టెలివిజన్ తెర మీద గుర్తుపట్టేలా కనిపించిన తొలి మనిషి ముఖం రాజుది కాదు, సినిమా తారది కాదు. అరక్రౌనుకు వేడి భరించిన జీతగాడిది. బొమ్మ మ్యూజియంకు చేరింది. కుర్రవాడు బెయిర్డు జీవిత చరిత్రలో చిన్న హాస్య సన్నివేశంగా మిగిలాడు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఈ మ్యూజియములు పనికిరానివని ఎవరైనా అనుకుంటే నా ఉద్దేశం అది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని హిలియర్డ్‌లో తొలినాటి టెలివిజన్ల మ్యూజియం ఒకటున్నది. 1920, 30ల నాటి తిరిగే చక్రపు యంత్రాల నుంచి అక్కడ చూడవచ్చు. కొన్ని సెట్లను పనిచేసే స్థితికి తెచ్చారు. కాలిపోయిన కండెన్సరు మార్చి, దొరకని వాల్వు కోసం సంవత్సరాల తరబడి వెతికి, చచ్చిన పెట్టెకు ప్రాణం పోసే మెకానిక్కు నా దృష్టిలో పండితుడి కంటె తక్కువవాడు కాడు. ప్రాచీన తాళపత్రాన్ని పరిష్కరించేవాడు చేసే పనే అతనూ చేస్తున్నాడు.

అయితే బాగుచేసిన పెట్టె ఏమి పలకాలి? ఇది నేటి చిక్కు. జర్మనీలో ప్రభుత్వ ప్రసార సంస్థలు 2015 చివరికి మీడియంవేవ్ ప్రసారాలు పూర్తిగా ఆపివేశాయి. కనుక వి.ఇ. 301కు ఈనాడు కరెంటు ఇచ్చి, వాల్వులు వేడెక్కేదాకా ఓపిక పట్టినా, దగ్గరలోని స్టేషను ఏదీ రాదు. గరగర శబ్దమే ఎక్కువ. మాట వినిపించాలంటే మ్యూజియమే లోపల చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టుకొని పాత రికార్డు వేయాలి. అప్పుడు ఏ రికార్డు? నాట్య సంగీతమా, గోబెల్సు ప్రసంగమా, లండన్ వార్తలా? ఇది సాంకేతిక ప్రశ్న కాదు; సంపాదకుడి ప్రశ్న. పాత పాట ఒకటి వేసి "ఆహా, ఆ రోజులే వేరు" అనిపించి పంపించడం సులువు. ఆ రోజులు ఎవరికి వేరో, ఎందుకు వేరో చెప్పడం కష్టం.

మన దేశంలోనూ పాత సెట్లు సేకరించేవారు పెరిగారు, ప్రదర్శనలు వెలుస్తున్నాయి. కనుక ఈ ప్రశ్న మన గడప తొక్కింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు మాట దక్కన్ రేడియోలో వినిపించింది. ఆ మాటను పలికిన సెట్టు ఒకటి రేపు హైదరాబాదులో బీరువాకు ఎక్కితే, చీటీ మీద కంపెనీ పేరూ వాల్వుల లెక్కా వుంటే చాలదు. ఆ సెట్టు ఎవరింటిది? గడీలోదా, వకీలుగారి వరండాలోదా, హోటల్లోదా? పోరాటం నడుస్తున్న పల్లెకు ఆ మాట ఎవరి నోట, ఎన్ని రోజులకు చేరింది? పోస్టాఫీసులో ఏటేటా రుసుము కట్టి ముద్ర వేయించుకున్న రేడియో లైసెన్సు పుస్తకం కూడా పక్కన వుండాలి. వినడానికి సర్కారు అనుమతి కావలసిన కాలం అది.

అంతకంటె ముఖ్యమైనది 1975 నాటి సెట్టు. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలు అందులో వున్నాయి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యాయి. సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. చేసింది. కోళ్ల గూటికి కట్టే రకం ఇనుపవలతో పది అడుగుల గొడుగు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో సెట్టు. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఇంత గొప్ప ప్రయోగం ఎమర్జెన్సీ నడుస్తున్న ఏడాదిలో జరిగింది. నోరు మూయించిన కాలంలో పల్లెకు చెవులూ కళ్లూ ఇచ్చారు. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని తిరిగి తీసుకున్నారు; చాలా ఊళ్లలో తెర చీకటైంది. ఆ రోజుల్లో కొన్ని గ్రామాలలో పరిశోధకులు కాపురముండి, చూచినవాళ్లు ఏమన్నారో రాసిపెట్టారు. ఆ సెట్టును చూపేవారు ఆ నివేదికల పుటలను దాని పక్కనే పరచాలి.

గుజరాతులోని ఖేడా జిల్లాలో అప్పుడే మొదలైన మరో ప్రయోగం ఇంకొంచెం ముందుకు పోయింది. పిజ్ గ్రామంలోని చిన్న ట్రాన్స్‌మిటరు నుంచి స్థానిక ప్రజలే పాల్గొన్న కార్యక్రమాలు వచ్చేవి. కులవివక్ష, కనీస కూలి వాటిలో విషయాలయ్యాయి. 1984లో దానికి యునెస్కో బహుమతి వచ్చింది. 1985లో ఆ ట్రాన్స్‌మిటరును అక్కడి నుంచి తీసివేయబోతే ఊళ్లవాళ్లు అడ్డు చెప్పారు. అయినా తీసివేశారు. పిజ్ కథ చెప్పే బీరువా ఎక్కడైనా కడితే అందులో పంచాయతీ సెట్టు ఒక్కటే చాలదు. కూలివాళ్లు మాట్లాడిన మైకునూ, ట్రాన్స్‌మిటరు తీసివేయమన్న ఉత్తర్వునూ పక్కపక్కన పెట్టాలి.