దిద్దుబాటు సాధనాలు – మాండలిక పదం: గోదావరిఖని తెలుగు తరగతి నేపథ్యంలో ఒక పరిశీలన

విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షన్ సమగ్రమూ నిరంతరమూ అయిన మూల్యాంకనాన్ని నిర్దేశించింది. తదనుగుణంగా తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు జరిపే పద్ధతి వచ్చింది. పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష అనేవి వాటి సాధనాలు. 40 మంది గల తరగతికి ఒక్క విషయంలోనే ఏడాదికి 640 నమోదులు అవసరమవుతాయి. ఈ భారం వల్లనే దోషాలకు సంకేతాక్షరాలు, టిక్కు పట్టికలు, 'బాగుంది', 'ఇంకా కృషి చేయాలి' అనే ముద్రలు వాడుకలోకి వస్తాయి. వీటివల్ల కాలం ఆదా కావడం వాస్తవం. అయితే ఈ సాధనాలు వేటిని చూడగలవు, వేటిని చూడలేవు అన్నది విచారించవలసిన అంశం.

గోదావరిఖనిలో ఒక విద్యార్థి 'మా నాయిన మొదటి షిఫ్టుకు బాయికి పోయిండు' అని రాశాడనుకుందాం. సంకేత పద్ధతిలో 'బాయి' అక్షరదోషం అవుతుంది. దాని స్థానంలో 'బావి' చేరుతుంది. సింగరేణి ప్రాంతంలో బాయి అంటే బొగ్గుగని. దిద్దిన వాక్యంలో మాత్రం తండ్రి నీళ్లబావికి వెళ్తాడు. అంటే ఒప్పుగా ఉన్న అర్థం దిద్దుబాటు వల్లనే తప్పుగా మారింది. ఈ కార్మిక జీవితాన్ని ప్రాంతీయ పలుకుబడితో కథల్లోకి తెచ్చినవారిలో అల్లం రాజయ్య ప్రముఖులు. సాహిత్యంలో గౌరవం పొందిన పలుకుబడే నోటుపుస్తకంలో ఎర్రసిరా పాలు కావడం సమర్థనీయం కాదు.

పబ్లిక్ పరీక్షకు ప్రామాణిక భాష అవసరమనే వాదన సమంజసమే. అందుకు మార్గం పదాన్ని కొట్టివేయడం కాదు; 'గని', 'బాయి' అనే రెండింటినీ ఎక్కడెక్కడ వాడాలో నేర్పడం. ఆ పని ముద్ర వల్ల జరగదు, ఒక వాక్యం రాయాలి. ఇజ్రాయెల్ పాఠశాలల్లో రూత్ బట్లర్ జరిపిన అధ్యయనం (1988) ఇక్కడ గమనార్హం. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తి, పనితీరు మెరుగుపడ్డాయి. వ్యాఖ్యతోపాటు మార్కు కూడా ఇచ్చినప్పుడు ఆ ప్రయోజనం కనిపించలేదు.

కాబట్టి సాధనాలను త్యజించనక్కరలేదు. వాటి పరిధిని నిర్ణయించుకోవాలి. గుణింతం, ఒత్తుల దోషాలకు సంకేతాలు చాలు. అందరూ చేసే తప్పులను నలభై పుస్తకాల్లో రాయడానికి బదులు నల్లబల్లపై ఒకసారి వివరించవచ్చు. మాండలిక పదం కింద గీత గీసి, దాని అర్థాన్ని విద్యార్థి చేతనే రాయించవచ్చు. ఇలా మిగిలిన సమయంలో వారానికి ఐదుగురికి ఒక్కొక్క సొంత వ్యాఖ్య రాస్తే, ఎనిమిది వారాల్లో 40 మందికీ అందుతుంది. మిగిలిన కాలం తిరిగి విద్యార్థి వాక్యానికే చేరినప్పుడు ఆ ఆదాకు విద్యాపరమైన ప్రయోజనం ఉంటుంది. లేనిపక్షంలో రిజిస్టరు మాత్రమే నిండుతుంది.