మామ దుర్బీన్, నా 400

చిరాగ్‌పల్లి దాటితే కర్ణాటకే. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మోత, పక్కనే ఏపుగా పెరిగిన చెరకు. దసరా నాడు పాలపిట్టను చూడాలి కదా, మామతో కలిసి చేను గట్టెక్కాను. నా చేతిలో 400 మిల్లీమీటర్ల లెన్సు. ఆయన మెడలో నా పాత 8x42 బైనాక్యులర్. ఆయన మాటలో దుర్బీన్.

సుమారు 80 మీటర్ల అవతల కరెంటు తీగ మీద పిట్ట వాలింది. మామ చాలాసేపు దుర్బీన్ దించలేదు. "గొంతు మీద చారలు గూడ కనవడ్తున్నయ్ అల్లుడా." నేను ఫోటో తీసి కెమెరా చూపించాను. "గిదేంది, ఈగ వాలినట్టుంది! ఇంత పెద్ద గొట్టం మోసుకొచ్చి గింతేనా?"

నాకు రోషమొచ్చింది. దుర్బీన్ మీది 8 అంటే కంటికి ఎనిమిదింతలు. 80 మీటర్ల పిట్ట పది మీటర్లలో ఉన్నట్టు. 42 ముందు అద్దం వెడల్పు. లెన్సు మీది 400 మాత్రం ఇంతలు కాదు, ఫోకల్ పొడవు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 50తో భాగించమంటారు. అంటే నాదీ ఎనిమిదే! (కెమెరా కొట్లో చెప్పే '125x జూమ్' ఈ లెక్కలోకి రాదు. నికాన్ పి1000 సంగతే చూడండి: ఫుల్ ఫ్రేమ్ లెక్కన 24 నుంచి 3000 దాకా సాగుతుంది కనుక 125. కంటితో పోలిస్తే 60.)

మరి ఈగెందుకైంది? అడుగు పొడవు పిట్ట సెన్సర్ మీద ఒకటిన్నర మిల్లీమీటరే పడుతుంది. కెమెరా వెనక మూడంగుళాల తెర మీద రెండున్నర, బియ్యపు గింజలో సగం. జానెడు దూరం నుంచి చూసినా రెండు మూడింతలకు మించదు. దుర్బీన్ బొమ్మను నేరుగా కంట్లో పెడుతుంది. ఫోటో ఎన్ని ఇంతలో దాన్ని ఎంత పెద్దది చేసి, ఎంత దూరం నుంచి చూస్తామో తేలితే గానీ తెలియదు. ఆ 50 లెక్క వెనకున్న షరతు ఇదే. నేనూ చాలా ఏళ్లు పట్టించుకోలేదు.

జహీరాబాద్‌లో 36 సెంటీమీటర్ల వెడల్పున ప్రింటు వేయించాను. పిట్ట 15 మిల్లీమీటర్లు వచ్చింది. అర మీటరు దూరం నుంచి చూస్తే కచ్చితంగా ఎనిమిదింతలు. మామ ఇంటి గోడకు తగిలించి, సరిగ్గా అక్కడే ఆయన్ను నిలబెట్టాను.

ఆయన ఆగలేదు. ఇంకాస్త ముందుకు జరిగి, పావు మీటరులో కళ్లు చికిలించి నిలబడ్డాడు.

"ఇగో, ఇప్పుడు నీ గొట్టం నా దుర్బీన్‌ను దాటింది."

లెక్క ప్రకారం పదహారింతలు. నేను చెప్పలేదు.