‘అచ్చిండు’: వకారలోపం – ప్రామాణికత

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వ్యవహారంలో ‘వచ్చినాడు’ అనే అర్థంలో ‘అచ్చిండు’ వినిపిస్తుంది. దీనిని అపభ్రంశంగా భావించేవారు కొందరు. తెలుగుకు మూలరూపం ఇదేనని వాదించేవారు మరికొందరు. తులనాత్మకంగా పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవు.

ఈ ధాతువుకు తమిళంలో ‘వా, వరు’, కన్నడంలో వకారం బకారంగా మారిన ‘బా, బరు’ రూపాలున్నాయి. ఆదిలాబాద్ ప్రాంతంలోనే వ్యవహారంలో ఉన్న కొలామీలో ‘వర్-’, భూతకాలంలో ‘వత్త్-’ కనిపిస్తాయి. గోండీలో ‘వా-’ ఉంది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి పదకోశం (1961) వీటిని ఒకే ఆరోపం కింద చేర్చింది. లిఖిత సాక్ష్యం లేని మూలద్రావిడంలో ఈ క్రియను పునర్నిర్మించడానికి ఆధారం ఈ సామ్యమే. కనుక పదాది వకారం ప్రాచీనం. ‘అచ్చిండు’లో దాని లోపం తరువాతి పరిణామం.

అయితే శిష్టవ్యవహారంలోని ‘రా, రాడు, రావాలి’ రూపాల్లోనూ ఆ వకారం లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి వివరించిన వర్ణవ్యత్యయాన్ని అనుసరించి ‘వర్-’ మీద అచ్చు చేరి ‘వ్రా’ అయింది. పిదప ‘రా’గా మిగిలింది. ‘వ్రాయు’ ‘రాయు’ కావడంలోనూ చివరి దశ ఇదే.

రెండు లోపాలకూ పరిసరాలు వేరు, కాలాలు వేరు. కానీ ఒకే ధాతువు ఒకచోట వకారాన్ని కోల్పోతే వ్యాకరణసమ్మతం, మరొకచోట కోల్పోతే దోషం అనడానికి ధ్వనిపరిణామశాస్త్రంలో ఆధారం లేదు. ఆ విభజన సామాజిక ప్రతిష్ఠ కల్పించినది. పాఠశాలలో ‘అచ్చిండు’ అన్న విద్యార్థికి ‘వచ్చాడు’ అనే లిఖితరూపాన్ని నేర్పవచ్చు; అతని మాట తప్పని చెప్పడానికి మాత్రం భాషాచరిత్ర అనుమతించదు. ఈ నిర్ణయానికి సాక్ష్యం ఆ విద్యార్థి పొరుగున ఉన్న కొలామీ, గోండీ భాషల్లోనే ఉంది.